చదివి వినిపించు, నాయనా

మా చర్చి సంఘంలో చాలాకాలం ప్రూఫులు దిద్దిన టీచరమ్మగారు ఈమధ్యే కన్నుమూశారు. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన తర్వాత ఆమె జీతం లేకుండా చేసిన రెండో ఉద్యోగం అది. నేను ఆ సంఘానికి గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసిన రోజుల్లో ఆదివారం పాటలూ వాక్యాలూ వరుసగా ఉండే ఆరాధన క్రమం మొదలుకొని క్రిస్మస్ పోస్టరు దాకా అచ్చుకు వెళ్లే ప్రతి కాగితమూ ముందు ఆమె దగ్గరికి వెళ్లి తీరవలసిందే. నిజానికి ఆమె ప్రూఫు చూసేవారు కాదు, వినేవారు. నేను తీసుకెళ్లిన కాగితాన్ని నా చేతికే తిరిగి ఇచ్చి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, "ముందు చదివి వినిపించు, నాయనా" అనేవారు. పెద్ద పెద్ద రంగుల పోస్టర్లు పట్టుకెళ్లినప్పుడు కూడా అదే మాట. బొమ్మల కాగితాన్ని చదివి వినిపించడమేమిటని మొదట్లో విసుగ్గా ఉండేది. అయినా ఆమె ముందు నిలబడి గొంతు సవరించుకుని చదివేవాణ్ణి. ఆ పని గురించి ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందుగా వినిపించేది ఆ గదిలోని నా గొంతే.

నా బల్ల ఆరాధన మందిరానికి వెనకవైపు, గాయక బృందం అంగీలు వేలాడదీసే బీరువా పక్కన ఉండేది. దాని మీద లావుపాటి మానిటరు, పక్కన లేజర్ ప్రింటరు, మూలన దుప్పటి కప్పిన పాత సైక్లోస్టైల్ యంత్రం. నేను చేరేనాటికే ఆ యంత్రానికి పని పోయింది గాని, దాని సిరా వాసన మాత్రం గదిని వదలలేదు. నాకు ముందు ఆ పని చూసిన పెద్దాయన మైనం పూసిన స్టెన్సిల్ కాగితాన్ని, రిబ్బను పక్కకు తప్పించిన టైపు యంత్రంలో ఎక్కించి కొట్టేవారట. అక్షరం పడిన చోట మైనం తెగుతుంది. తర్వాత యంత్రం పిడి తిప్పుతుంటే ఆ తెగిన చోటునుంచే సిరా కాగితం మీదికి దిగుతుంది. తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా నోటితో ఊది, దాని మీదే మళ్లీ కొట్టాలి. శీర్షికలూ శిలువ బొమ్మలూ మొనదేలిన ఇనుప కలంతో చేత్తోనే గీసేవారు. ఆయన గీసిన శిలువలు ఒకటి రెండు పాత కట్టల్లో చూశాను. కొంచెం వంకరగా ఉన్నా, తర్వాత నేను సీడీల్లోంచి దించుకుని వాడిన వందలాది శిలువల్లో ఏదీ వాటికి సాటిరాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

నేను పేజ్‌మేకర్ తరం వాణ్ణి. 1985లో ఆల్డస్ అనే సంస్థ తెచ్చిన ఆ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వెళ్లింది. నేను పని నేర్చుకునేసరికి దానికి వయసు మీదపడింది గాని, మా కంప్యూటరులో వేరే ఏదీ లేదు. ఆల్డస్ అన్నది అయిదు వందల ఏళ్ల కిందట వెనిస్‌లో అచ్చుకూటం నడిపిన ఆల్డస్ మనూషియస్ పేరు. బల్ల మీద పరిచి చదువుకోవలసిన పెద్ద పుస్తకాల కాలంలో, 1501 నుంచి ఆయన చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు అచ్చువేశాడు. ఎడమచేత్తో పాటల పుస్తకం పట్టుకుని కుడిచేత్తో పిల్లవాణ్ణి అదిమిపట్టుకుని నిలబడే తల్లులను చూసినప్పుడల్లా ఆయన చేసిన మేలు ఎంతటిదో నాకు అర్థమయ్యేది.

ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లతో పడిన పాట్లు ఆ పనిలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికినా మేము వాడినవి ఆ పద్ధతి ఫాంట్లు కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే కీర్తన మొత్తం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించేది. అందుకని ఫ్లాపీలో ఫైలుతోపాటు ఫాంటును కూడా మోసుకుపోయేవాణ్ణి. అచ్చుకూటంలో కంప్యూటరు తెర మీద కనబడేదాకా మనసు కుదుటపడేది కాదు.

వరుసకీ వరుసకీ మధ్య

ఏ అక్షరం సైజు ఇచ్చినా పేజ్‌మేకర్ తనంతట తాను వరుసల మధ్య దూరాన్ని దానికి 120 శాతంగా పెట్టుకునేది. పది పాయింట్ల అక్షరమైతే పన్నెండు పాయింట్ల వరుస. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పై వరుస ఒత్తులు కింద వరుస గుడుల నెత్తిన కూర్చుంటాయి. అందులోనూ సంఘ సాహిత్యంలోని మాటలు చూడండి: క్రీస్తు, స్తోత్రము, ప్రార్థన, పరిశుద్ధాత్మ, ధన్యత. ఒత్తులేని మాట వెదికి పట్టుకోవాలి. 150 శాతం దాకా పెంచితే గాని పేజీకి ఊపిరి ఆడేది కాదు. అలా పెంచినప్పుడల్లా నాలుగు పేజీల్లో పట్టవలసినది అయిదో పేజీలోకి పొంగేది. కాగితం ఖర్చు లెక్కచూసే కోశాధికారిగారు వచ్చి, "ఈ ఖాళీ అంతా ఎందుకు బాబూ, కాస్త దగ్గరికి జరపరాదూ?" అనేవారు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. అయితే సాయంకాలపు ఆరాధనలో చివరి బెంచీల మీద కూర్చునే ముసలివారు కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, దీపానికేసి తిప్పి చదువుకోవడం ఆయన చూడలేదు. ఆయన ముందు వరుసలో కూర్చునేవారు.

టీచరమ్మగారి పట్టుదల మాత్రం వరుసల మధ్య దూరం గురించి కాదు, వరుస ఎక్కడ విరగాలన్నదాని గురించి. పేజ్‌మేకర్‌కు గడి వెడల్పు ఎక్కడ అయిపోతే అక్కడ వరుస విరుగుతుంది. ఆమెకు ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ విరగాలి. ఒకసారి ఇరవైమూడో కీర్తన మొదటి వచనం "యెహోవా నా కాపరి నాకు" అని ఒక వరుసగానూ, "లేమి కలుగదు" అని రెండో వరుసగానూ పడిన ప్రూఫు పట్టుకెళ్లాను. చదవమన్నారు. నాకు కంఠతా వచ్చు కనుక సరిగ్గానే చదివాను. ఆమె కాగితం మీద వేలు పెట్టి, "అట్లా కాదు, వరుస ఎట్లా ఉందో అట్లా చదువు" అన్నారు. చదివితే "నాకు" దగ్గర గొంతు ఆగిపోయింది. ఒక్కడు చదివితే ఆ తడబాటు ఎవరికీ తెలియదు. అందరూ కలిసి చదివేటప్పుడు మాత్రం కంఠతా వచ్చినవారు ముందుకు పోతారు, కాగితం చూసి చదివేవారు ఆగుతారు, సంఘం రెండు గొంతులుగా చీలిపోతుంది. "కాపరి" దగ్గర వరుస విరిచాను. పేజీ కుడివైపు అంచు ఎగుడుదిగుడుగా, నా కంటికి వికారంగా కనిపించింది. ఆదివారం నాడు వెనక నిలబడి విన్నాను. అందరి గొంతూ ఒక్క చోట ఆగి, ఒక్క చోట ఎత్తుకుంది. డిజైన్ పత్రికల్లో మెప్పు పొందే పేజీ అది కాదు. అయినా ఆ తర్వాత కలిసి చదివే భాగాలకు రెండంచులూ సమంగా కొట్టడం మానేశాను.

నూటముప్పైయారో కీర్తన విషయంలో పెద్ద చర్చే జరిగింది. దానిలోని 26 వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అనే ఒకే మాటతో ముగుస్తాయి. సంఘ కాపరి, అంటే పాస్టరుగారు, మొదటి సగం చదువుతారు, సంఘస్థులు రెండో సగం చెబుతారు. ఆ మాటను పైన ఒక్కసారి వేసి, సంఘస్థులు ప్రతి వచనం తర్వాత దీన్ని చెప్పాలని సూచన రాస్తే అర పేజీ మిగులుతుందని కోశాధికారిగారు అన్నారు. నాకూ అదే బాగనిపించింది. ఒకే వరుసను ఇరవైయారుసార్లు వేయడం పేజీ కూర్పు దృష్టితో చూస్తే వృథా. టీచరమ్మగారు వినలేదు. "పదిసార్లయ్యాక మనిషి ఎక్కడున్నాడో మరిచిపోతాడు నాయనా. కంటికి మెట్టు కనబడాలి" అన్నారు. కాపరి వరుసలు పలుచని అక్షరంలో, సంఘం వరుసలు ముదురు అక్షరంలో, ఇరవైయారూ వేశాను. చోటు కోసం ప్రకటనల్లో సగం తీసేయవలసి వచ్చింది. ప్రకటనలు ఇచ్చినవారు నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు.

వచనాల అంకెలు కూడా ఒకనాటి అచ్చుపనివాడు వేసినవే. రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడుతున్న వచనాల విభజన మొదలైంది. వేదికమీదినుంచి ఒక అంకె పలికితే మందిరమంతా ఒకే చోటికి చూపు తిప్పగలగడం వెనక ఒక అచ్చుకూటం మనిషి ఉన్నాడన్న సంగతి తెలిసినప్పుడు నేను కాస్త గర్వపడ్డమాట నిజం.

పేజీ తిరిగే చోటు

ఆరాధన క్రమం అంటే ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చే నాలుగు పేజీలు. విప్పి పరిస్తే బయటివైపు ఎడమన నాలుగో పేజీ, కుడిన ఒకటో పేజీ ఉంటాయి. లోపలివైపు రెండూ మూడూ. అట్ట తెరిచాక రెండునుంచి మూడుకు వెళ్లడానికి కాగితం కదపనక్కరలేదు. మూడునుంచి నాలుగుకు వెళ్లేటప్పుడు మాత్రం మందిరంలో ఉన్నవారంతా ఒకేసారి కాగితం తిప్పుతారు. ఆ చప్పుడు ప్రార్థన మధ్యలో వస్తే ఎలా ఉంటుందో విన్నవారికి తెలుసు. అందుకని మూడో పేజీ అడుగున ఎప్పుడూ ప్రసంగం ఉండేలా చూసేవాణ్ణి. ప్రసంగం అయిపోయి జనం సర్దుకుని, గొంతులు సవరించుకుని, పాటకు లేచే సందడిలో కాగితం చప్పుడు కలిసిపోయేది. ఒక చరణం మూడో పేజీలోనూ తర్వాతి చరణం నాలుగో పేజీలోనూ పడితే గాయక బృందం నాయకుడు నా వైపు ఒక చూపు చూసేవారు. దాని తర్వాత మాట అవసరం ఉండేది కాదు.

మట్టల ఆదివారం వెళ్లాక వచ్చే శుభ శుక్రవారానికి ఎనిమిది పేజీల పుస్తకం వేసేవాళ్లం. శిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడు లూకాలో, మూడు యోహానులో ఉన్నాయి. మిగిలిన ఒక్కటి మత్తయిలోనూ మార్కులోనూ ఉంది. మాటకు ఒక పేజీ చొప్పున ఏడు, అట్ట ఒకటి. రెండు కాగితాలు మడిచి మధ్యన పిన్ను కొడితే లెక్క సరిగ్గా సరిపోతుంది. క్రీస్తు మాటలను ఎర్ర సిరాతో వేయాలని కాపరిగారి కోరిక. కొత్త నిబంధన అంతటా అలా వేయడం 1899లో అమెరికా పత్రికా సంపాదకుడు లూయీ క్లాప్ష్‌తో మొదలై ఎందరికో అలవాటైపోయింది. రెండో రంగంటే రెండో ప్లేటు, కాగితం యంత్రంలోకి రెండోసారి వెళ్లడం, నల్ల అక్షరాల పక్కన ఎర్ర అక్షరాలు వెంట్రుకవాసి జరిగి కూర్చోవడం. అచ్చయిన కట్ట విప్పి మొదటి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసే ఆ నిమిషం నాకు ప్రతి ఏడూ కొత్తగానే ఉండేది. ఏడో మాట వెనక అట్ట మీద పడేది. దాని కింద ముప్పాతిక పేజీ తెల్లగా మిగిలేది. ఈస్టరు సూర్యోదయ ఆరాధన ప్రకటనను అక్కడ పెట్టమని పెద్దలు అడగని సంవత్సరం లేదు. "ఆయన ప్రాణం విడిచిన పేజీలోనే మనం ఆదివారం ఎన్నింటికి రావాలో చెబుదామా?" అని టీచరమ్మగారు అడిగితే అందరూ ఊరుకునేవారు. ఆ ప్రకటన విడి చీటీగా వెళ్లేది.

రంగులూ చేతులూ

సంఘ సంవత్సరానికి ఒక రంగుల లెక్క ఉంది. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలానికీ ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలానికీ ఊదా, క్రిస్మస్‌కూ ఈస్టరుకూ తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మిగిలిన సాధారణ కాలానికి ఆకుపచ్చ. అంటే డిజైనరుకు ఏడాది పొడవునా రంగు ఎంచుకునే స్వేచ్ఛ ఎవరో ముందే తీసేసుకున్నారన్నమాట. అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు, హాయిగానే ఉండేది. ఇబ్బందల్లా ఊదాతోనే. తెర మీద వెలిగిపోయే ఊదా, నాలుగు సిరాల అచ్చులోకి వచ్చేసరికి ఒకసారి నీలంగానూ ఒకసారి బురదరంగులోనూ దిగేది. బలిపీఠం మీద పరిచే ఊదా గుడ్డ కొసను పట్టుకుపోయి అచ్చు కాగితం పక్కన పెట్టి చూసుకున్న సందర్భాలున్నాయి.

కొత్త సంవత్సరపు క్యాలెండరు పని ఈ రంగులతోనే మొదలయ్యేది. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎక్కడైనా పడవచ్చు కనుక దాన్ని ముందు పట్టుకుంటే గాని భస్మ బుధవారం నుంచి పెంతెకొస్తు దాకా ఏదీ చోటులో కూర్చోదు. ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య కదులుతుంది. కొన్ని సంవత్సరాల్లో నాలుగో ఆదివారం డిసెంబరు 24నే వచ్చి, పొద్దున ఊదా, రాత్రికి తెలుపు కావలసి వచ్చేది. అంత చిన్న గడిలో రెండు రంగులు ఎలా పట్టించానో అడక్కండి.

పోస్టర్ల సంగతి వేరు. కూడికల పోస్టర్లలో ప్రసంగీకుల ఫోటోల సైజు మీద జరిగినంత చర్చ వాక్యభాగం మీద జరగగా నేను చూడలేదు. ఒక పెద్దమనిషి ప్రూఫు మీద స్కేలు పెట్టి కొలిచి, రెండు ముఖాలకూ మధ్య తేడా పట్టుకున్నారు. ఇక బొమ్మలంటారా, మేఘాలను చీల్చుకొచ్చే కిరణాలు, ఎగిరే పావురం, జోడించిన రెండు చేతులు. ఆ చేతుల బొమ్మ, తయారు బొమ్మలు దొరికే క్లిప్ ఆర్ట్ సీడీల్లో ఎన్ని రూపాల్లో ఉండేదో చెప్పలేను. దాని మూలం జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1508 ప్రాంతంలో నీలి కాగితం మీద గీసిన చిత్రమనీ, అది వియన్నాలోని ఆల్బర్టినా మ్యూజియంలో ఉందనీ చాలాకాలానికి తెలుసుకుని, దాని మంచి ప్రతి ఒకటి వెదికి చూశాను. వేళ్ల కణుపులు, ఉబ్బిన నరాలు, మడిచిన అంగీ అంచు. సీడీలో దొరికే చేతులకు ఇవేవీ లేవు. అప్పటినుంచి ఆ క్లిప్ ఆర్ట్ వాడబుద్ధి కాలేదు. అయినా అడిగినవారికి కాదనలేక వేస్తూనే వచ్చాను.

రాత్రి పనులు

అన్నింటికన్నా త్వరగా చేయవలసిన పని భూస్థాపన కార్యక్రమ పత్రం. ముందురోజు సాయంత్రం కుటుంబంవారు వచ్చేవారు, ఉదయానికల్లా కాగితాలు మడిచి ఉండాలి. వారితోపాటు ఒక ఫోటో వచ్చేది. చాలాసార్లు అది ఏదో పెళ్లి గుంపులోనుంచి కత్తిరించవలసినదై ఉండేది. భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉండేది. ఒకాయనకు గుర్తింపు కార్డు మీది ఫోటో తప్ప మరొకటి లేదు. దాని మీద ఆఫీసు ముద్ర ఎడమ చెంపనుంచి మెడ దాకా పడివుంది. ఫోటోషాప్‌లో ముఖాన్ని పెద్దది చేసుకుని, ముద్ర పడని కుడి చెంపనుంచి చర్మాన్ని కొంచెం కొంచెంగా తెచ్చి ఎడమ చెంప మీద పరుస్తూ కూర్చున్నాను. ఆయన కూతురు నా వెనక కుర్చీలో కూర్చుని తెర చూస్తోంది. ముద్ర వెళ్లిపోయింది. చెంప మీద నల్లటి చుక్క ఒకటి మిగిలితే అదీ ముద్ర సిరాయే అనుకుని దాని మీదికి మౌస్ తీసుకెళ్లాను. "అది ఉంచండన్నా, నాన్నకు పుట్టుమచ్చ అది" అంది ఆ అమ్మాయి. ఆ రాత్రంతా ఆమె మాట్లాడింది అంతే.

అలాంటి పత్రాలను కూడా టీచరమ్మగారికి చదివి వినిపించాలా అని నేను మొదట సందేహించాను. ఎంత రాత్రయినా ఫలానా ఇంటివారి కాగితం వచ్చిందని కబురు చేయమనేవారు. వాటి విషయంలో ఆమె పద్ధతి కొంచెం మారేది. కాగితం తానే తీసుకుని, పేరూ తేదీలూ బంధువుల పేర్లూ పైకి మెల్లగా తానే చదివేవారు. కుటుంబంవారు వింటూ ఉండాలి. మనుమల పేరుల్లో ఒకటి మరిచిపోయారని ఎవరికో ఒకరికి అప్పుడే గుర్తొచ్చేది. ఆ పేరు ఎక్కడ ఇరికించాలన్నది నా పని.

తెర వచ్చాక

ఆ తర్వాత మందిరంలోకి ప్రొజెక్టరు వచ్చింది. కొన్నాళ్లు కాగితమూ తెరా రెండూ నడిచాయి, పిదప కాగితం పండుగలకే మిగిలింది. దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. తలవంచి కాగితంలోకి పాడేవారు తలెత్తి పాడటం మొదలుపెట్టాక గొంతు బాగా విప్పుకుందని గాయక బృందం నాయకుడు అనేవారు, అది నిజమే. చివరి బెంచీవారికి కూడా అక్షరం పెద్దదయింది. పోయినదల్లా పాట మొత్తాన్ని ఒకేచోట చూసే వీలు. తెర మీద రెండు వరుసలు కనబడతాయి, మాయమవుతాయి. ఇంకా ఎన్ని చరణాలున్నాయో, పాట ఎక్కడికి పోతోందో పాడేవారికి తెలియదు. కాగితం ఇంటికి వెళ్లి బైబిల్లో దాక్కునేది; తెర ఇంటికి రాదు.

ఇప్పుడు ఆ గదిలో పనిచేస్తున్న అమ్మాయి పాత పాటల పుస్తకం ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడానికి ఆమధ్య నన్ను పిలిచింది. మార్పిడి సాఫ్ట్‌వేర్ చాలావరకు సరిగ్గానే మార్చింది గాని, కొన్ని చోట్ల ఒత్తులు పక్క అక్షరాలకు అంటుకున్నాయి. ఇద్దరం కూర్చుని ఒక్కో పాటా సరిచూశాం. పని మధ్యలో స్లయిడ్ల గురించి మాట వచ్చింది. రెండో వరుస చివరి మాట నోట్లో ఉండగానే తర్వాతి స్లయిడు పడాలనీ, మాట పూర్తయ్యాక నొక్కితే సంఘం ఒక్క క్షణం వెనకబడుతుందనీ చెప్పబోయాను. తాను పాడుతూనే నొక్కుతాననీ, ఊపిరి తీసుకునే ముందు వేలు దానంతటదే కదులుతుందనీ ఆమె అంది. స్లయిడ్లన్నీ తయారుచేసుకున్నాక ఒకసారి తలుపు వేసుకుని మొత్తం పైకి పాడి చూసుకుంటుందట. ఎవరు నేర్పారని అడిగితే ఎవరూ నేర్పలేదంది. ఆమె బాధ వేరే ఉంది: శనివారం రాత్రి పదకొండు దాటాక పాటల వరుస మార్చమని ఫోన్లు వస్తాయట, మా రోజుల్లోనూ ఇలాగే ఉండేదా అని అడిగింది. అచ్చుకు వెళ్లిపోయిందని అబద్ధమాడే సౌకర్యం మాకు ఉండేదని చెప్పాను.